జేజి రెండు చెంపలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బయటినుంచి వచ్చినదేదీ నేరుగా పిల్లల చేతికి అందేది కాదు. జమ్మలమడుగు దగ్గరి మా ఊరు అప్పట్లో రెండు పార్టీలుగా చీలి ఉండేది. ఎదుటి పార్టీ వాళ్ళ ఇంటినుంచి పెళ్ళి లడ్డు వచ్చినా సరే, ముందు మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, కాస్త నోట్లో వేసుకునేది. మధ్యాహ్నం దాకా చూసి, తనకేమీ కాలేదని తేలాకే మాకు పెట్టేది. మా తాత ఆ గొడవల్లోనే పోయాడు. అందుకే ఆమె అనుమానాన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

అలాంటి ఇంట్లో మా చిన్నత్తకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది పులివెందుల వైపు. మా ఊళ్ళో ఉన్న వాళ్ళ బంధువులంతా ఎదుటి పార్టీ. ఈ సంబంధంతోనైనా పాత పగలు చల్లారతాయని రెండువైపుల పెద్దలూ కూర్చుని ఒప్పించారు. పెళ్ళికి కొద్దిరోజుల ముందు వాళ్ళ ఇంటినుంచి చీరతో పాటు ఒక నల్లని డబ్బా వచ్చింది. మూతకు అద్దం, లోపల మెత్తటి పౌడరు, పెదాల రంగు. కువైట్‌లో ఉన్న పెళ్ళికొడుకు అన్న పంపాడట. శానా ఖరీదైనదని తెచ్చినవాళ్ళు మరీ మరీ చెప్పారు.

మగపెళ్ళివారు పెట్టినది పెళ్ళికూతురు వాడకపోతే వాళ్ళను కాదన్నట్టే. వాడితే ముఖం మీద ఏమొస్తుందోనని జేజికి దిగులు. రెండు పార్టీల జనం నడుమ కూతురు వాచిన ముఖంతో కూర్చుంటే ఆ మాట ఎక్కడిదాకా పోతుందో ఎవరికి తెలుసు? అలాగని అమ్మ ప్రొద్దుటూరులో గాజుల అంగడిలో కొన్న చవక పౌడరు మీదా, రంగు మీదా కూడా ఆమెకు నమ్మకం లేదు.

మరునాడు పొద్దున జేజి స్నానం చేసి వచ్చి, కుడి చెంపకు ప్రొద్దుటూరు పౌడరు, ఎడమ చెంపకు కువైట్ పౌడరు పూసుకుంది. పెదాలకూ అంతే, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. తాత పోయినప్పటి నుంచి ముఖానికి పసుపు కూడా తాకించని మనిషి. ఊరు ఏమంటుందోనని అమ్మ వంటింట్లో కళ్ళు తుడుచుకుంది. జేజి మాత్రం చేట తీసుకుని, అందరికీ కనబడేలా వాకిట్లో శనక్కాయలు ఒలవడానికి కూర్చుంది.

ఎదురింటి కోడలు ముందుగా వచ్చింది. "ఏంది పెద్దమ్మా, ఈ వయసులో సోకు చేస్తాండావు? సంబంధమేమన్నా వచ్చిందా?"

జేజి తల ఎత్తలేదు. "వచ్చింది. మీ మామే. ఎప్పుడు పెట్టుకుందామో అడిగిరా పో."

ఇంకో నలుగురు చేరాక, కుడి చెంపది కువైట్‌దని, ఎడమది ప్రొద్దుటూరుదని కావాలనే తిప్పి చెప్పింది. పక్కన కూర్చున్న నాకు నిజం తెలుసు. నేను నోరు తెరవబోతే తొడ గిల్లింది. ఆడవాళ్ళంతా కుడి చెంపనే మెచ్చుకున్నారు. "ఫారిన్‌ది ఫారిన్‌దే. యెంత నున్నగా ఉందో సూడు" అని ఒకామె ముట్టుకుని మరీ చూసింది.

ఎండ ఎక్కేసరికి కువైట్ చెంప చెమటకు బూడిద పూసినట్టు తెల్లగా తేలింది. మనకన్నా తెల్లటివాళ్ళ కోసం కలిపిన పౌడరు అది. చవకది ఒంటిరంగులో కలిసిపోయింది. చవకదే గెలిచిందని నేను సంబరపడుతుండగా, సాయంత్రానికి జేజి కింది పెదవి కుడివైపు వాచి మండసాగింది. అది ప్రొద్దుటూరు రంగు. కువైట్ రంగు ఉన్న ఎడమవైపుకు సంగటి తిన్నా ఏమీ కాలేదు.

ఇంతకీ ఏది మంచిదని అమ్మ అడిగింది.

"ఎదుటోళ్ళ మాట నున్నగా ఉందని నమ్మి మీ మామ పోయినాడు. దుడ్లు ఎక్కువ పెడితే పౌడరు నీ తోలు రంగు నేర్చుకుంటాదా? దేనికదే పూసి సూసుకోవాల" అంది జేజి, పెదవికి వెన్న రాసుకుంటూ.

పెళ్ళిరోజు అత్త ముఖానికి చవక పౌడరు, పెదాలకు ఖరీదైన రంగు. పెళ్ళికొడుకు తల్లి వచ్చి అత్త గడ్డం పట్టి పైకెత్తి చూసింది. "మేం పంపిందే పూసుకున్యావామ్మా?"

అత్త నెమ్మదిగా, పెదాలకు మీరు పంపిందేనని, ఆ పౌడరు తెలుపు తన ముఖానికి నప్పలేదని చెప్పింది. ఆమె గడ్డం వదిలి అత్త పక్కనే కూర్చుంది.

"నాగ్గూడా అట్లాంటిదే తెచ్చినాడు మా పెద్దోడు. పూసుకుంటే పిండిలో పడి లేసినట్టు ఉండా. వానికి చెప్పమాకండి."

అందరూ నవ్వారు. జేజి ఒక్కతే నవ్వలేదు. వియ్యపురాలు వెళ్ళేదాకా ఆ ముఖాన్నే చూస్తూ నిలబడింది.

ఇప్పుడు నాకొక ఐదేళ్ళ పాప. బడిలో డాన్సు ఉందంటే ముఖానికి ఏం పూయాలనే భయం పట్టుకుంటుంది. చవకవన్నీ విషమని కొందరు, పేరుకే తేడా సరుకొక్కటేనని కొందరు. ఇద్దరినీ నమ్మను. మోచేతి మడతలో పూసుకుని ఒక రోజంతా ఉంచుకుంటాను. నాకు అనుమానం జబ్బని మావారు అంటారు. కావచ్చు. అనుమానం వచ్చినచోట ముందు నా ఒళ్ళు పెట్టడం ఆ రోజే నేర్చుకున్నాను. పాప వంతు ఆ తర్వాతే.