పక్కకు తీసిన కారు

మా చిన్నాయన హిందూపురం, ధర్మవరం మధ్య లారీ తోలేవాడు. చక్కెర జబ్బుతో చూపు మందగించినాక లారీ దిగి, పెనుకొండలో మా ఇంట్లోనే ఉండిపోయినాడు. పొద్దు పోక నా ఫోన్‌లో కార్ల పందెం ఆడేవాడు. పెద్ద సిటీ, అద్దాల మేడలు, రయ్యిమని దూసుకుపోయే కార్లు. ఈయన మాత్రం అలుపొస్తే పందెం మధ్యలోనే కారును మెల్లగా ఎడమ పక్కకు తీసి, ఆపి, అప్పుడే ఫోన్ నా చేతికిచ్చేవాడు. అందుకే పందెంలో ఎప్పుడూ ఆఖరే.

"ఆట కదా చిన్నాయనా, యాడుంటే ఆడ వదిలేయొచ్చు" అంటే విసుక్కునేవాడు.

"బండిని నడిరోడ్డులో ఇడిసిపెట్టేవోడు వాడేం డ్రైవరురా? ఎనకొచ్చేవోని గతేమి?"

పోయిన ఎండాకాలం ఒకనాడు సగం ఆటలోనే ఫోన్ నాకు చాపినాడు. కారు నడిరోడ్డులో నిలబడిపోయింది. వెనక కార్లు వచ్చి వచ్చి గుద్దుతున్నాయి.

"ఏమైంది చిన్నాయనా?"

"అలుపొచ్చిందిలేరా. కొంచెం పక్కకు తీయి."

ఎడమకు తీసి ఆపినాను. ఫోన్‌ను ఆయన కళ్ళ ముందు పెట్టినాను.

దానికేసే చూస్తా అడిగినాడు, "తీసినావా?"