పట్టపగలు చెప్పిన కథ

ముందుగా ఒక మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నాలుగు చినుకులు పడితే తుంగభద్రకు వరదొచ్చిందంటాను. వీధిలో ఇద్దరు కీచులాడుకుంటే కురుక్షేత్రం జరిగిందంటాను. మా ఇంట్లో నా మాటను ముందు సగానికి కోసి, ఆ సగంలో మళ్ళీ సగం నమ్ముతారు. మీరూ అంతే చేయండి, నేనేమీ అనుకోను.

మొన్న ఆదోనిలో ఒక బడివాళ్ళు నా పుస్తకం చదివి వినిపించమని పిలిచారు. నేను రాసేవి పాత రాజకుమారి కథలే. వాటిని తిరగరాసి, హైస్కూలు వయసు పిల్లల కోసం కొత్తగా చెబుతాను. నా కథల్లో రాజకుమారి ఏ రాజకుమారుడి కోసమూ ఎదురుచూడదు, రాక్షసుడి సంగతి తానే తేల్చుకుంటుంది. ప్రచురణకర్తలు అట్ట మీద ఆ పిల్ల చేతిలో ఆమె కంటే పొడుగైన కత్తి ఒకటి పెట్టి బొమ్మ వేయిస్తారు. ఆ రోజు గదిలో ఉక్క ఎలా ఉందంటే, ఫ్యాను తనకు తాను గాలి విసురుకుంటోంది. అర పేజీ చదివానో లేదో, వెనక వరుసలోంచి ఒక అమ్మాయి తనకు తెలియకుండానే 'ఊఁ' అంది. పక్కపిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం అక్షరాలు అలుక్కుపోయాయి. గొంతు పట్టేసిందని చెప్పి పుస్తకం మూసేశాను. హెడ్మాస్టరు బిందెడు నీళ్ళు తెప్పించారు. ఎన్ని తాగినా ఆ పూటకు నా గొంతు తిరిగి రాలేదు.

ఆ 'ఊఁ' నాకు అలవాటు చేసిన మనిషి ఉరుకుందవ్వ. ఎమ్మిగనూరులో నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతూ మగ్గాల వీధిలో అద్దెకున్నప్పుడు మా పక్కిల్లు ఆమెది. మనిషి ఎండుమిరపకాయంత, గొంతు మాత్రం రైలుకూత. కళ్ళు మందగించి మగ్గం దిగిపోయింది. కొడుకు చనిపోయాక ఆ మగ్గంలో కోడలు నాగమ్మ కూర్చుంది. ఇంట్లో అన్నం పుట్టించేది నాగమ్మ చేతులే కాబట్టి ఇంటి మాట కూడా నాగమ్మదే. అవ్వకు మిగిలినవి కథలు, వాటిని వినే మనవరాలు రేణుక. సాయంత్రం దీపం పెట్టాక రేణుక రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతూ ఊఁ కొట్టేది, అవ్వ కథ చెప్పేది. ఊఁ ఆగిందా, కథ ఆగిపోయేది. రాజకుమారి బావిలో సగం దిగి ఉన్నా సరే, అక్కడే వేలాడాల్సిందే.

మా పరిచయం ఒక తిట్టుతో మొదలైంది. నా మొదటి పుస్తకం రాస్తున్న రోజులవి. రాసింది గట్టిగా చదువుకోవడం నాకు అలవాటు. ఒక ఆదివారం వసారాలో కూర్చుని, నా రాజకుమారి గుర్రమెక్కి కత్తి దూసే ఘట్టం చదువుతున్నాను. గోడ అవతలి నుంచి రైలు కూసింది.

"ఏమప్పా సారూ, పొద్దున్నించి సూస్తాండాను, ఆ పిల్ల గుర్రం దిగనే దిగదు. బువ్వ తినిందా ల్యాదా?"

"యుద్ధానికి పోతోంది కదవ్వా."

"పోనీ. కడుపు ఇంట్లో పెట్టి పోతాందా? సరే, ఆ కత్తి ఎవురిచ్చిరి?"

"వాళ్ళ నాన్న. రాజు కదా."

"అట్లయితే ఆ దైర్యం వాళ్ళ నాయినది. పిల్లదేముండాది అందులో, మోసేది తప్ప?"

రేణుక లోపలి నుంచి పకపకా నవ్వింది. ఆ నవ్వుకు మా ఇంటి పెంకులు రెండు జారిపడ్డాయి. నాకు కోపం వచ్చింది. అప్పటికి నేను ఎమ్మిగనూరు మొత్తానికి గొప్ప రచయితను, ఎందుకంటే ఇంకెవరూ పోటీకి రాలేదు. కానీ ఆ సాయంత్రం గోడ దగ్గర కుర్చీ వేసుకుని ఆమె కథ విన్నాను. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండే పాత కథే. అయితే అవ్వ చేతిలో రాజకుమారి రాక్షసుడికి తలలో పేలు చూస్తూ, అతను కునుకులో ఉండగా చిలక జాడ మెల్లగా లాగుతుంది. జొన్నరొట్టెలు కట్టుకుని తానే బయలుదేరుతుంది. దారిలో కాలికి ముల్లు గుచ్చుకుంటే కూర్చుని ఏడుస్తుంది, ఏడ్చి లేస్తుంది. ఆ రాజకుమారికి రేణుక పంటి సందూ ఉంది, రేణుక పెంకితనమూ ఉంది. "మరి రాజకుమారుడు?" అని అడిగాను. "ఆ నాయన దారి తప్పిపాయె సారూ. మొగోళ్ళు అడిగి తెల్సుకునే రకమా?" అంది. ఆమె కథలన్నిటిలోనూ రాజకుమారుడు దారి తప్పిపోయేవాడు. ఒకడు ఇప్పటికీ హొళగుంద అడవుల్లో తిరుగుతున్నాడని చెప్పేది. హొళగుందలో అడవి ఎక్కడిదని అడిగితే, "వాడు తిరిగి తిరిగి తొక్కేసినాడు" అనేది. నేను పిల్లిని పులి చేసేవాణ్ణి. ఆమె ఆ పులికి పెళ్ళి చేసి, పుట్టిన పిల్లలకు పేర్లు కూడా పెట్టేది. అబద్ధాల్లో నాకు ఆమె గురువు, నేను ఆమెకు తగని శిష్యుణ్ణి.

పగటిపూట మాత్రం ఎంత బతిమాలినా నోరు విప్పేది కాదు. వాళ్ళ ఇంట్లో ఒక నమ్మకం ఉంది. పగలు కథ చెబితే మేనమామ దారి తప్పుతాడు. "మా తమ్ముడు వచ్చే పొద్దు కథ ఎత్తినావంటే సూడత్తా" అని నాగమ్మ మగ్గంలోంచే అరిచేది. నాగమ్మ తమ్ముడిది హొళగుంద దగ్గర పల్లె. అతనికి ఎవరూ కథ చెప్పాల్సిన పని లేదు, మామూలుగానే దారి తప్పేవాడు. మగ్గాల సందులన్నీ ఒకేలా ఉంటాయి కదా, ప్రతిసారీ ఎవరో ఒకరి గుమ్మంలో చెప్పులు విడిచేవాడు. ఒకసారి వేరే ఇంట్లో పప్పూ అన్నం తిని, పడుకుని లేచి, అప్పుడు మా అక్క ఏదని అడిగాడట. ఇందులో నిద్ర భాగం అవ్వ చేర్చింది, పప్పు నేను చేర్చాను.

అతను చెడ్డవాడని రాస్తే నా కథ సులువవుతుంది. కానీ కాదు. నెమ్మదైన మనిషి. ముప్పై దాటాయి, పత్తిచేను ఉంది, తల్లి మంచాన పడింది. వచ్చినప్పుడల్లా రేణుకకు మైసూరుపాకు తెచ్చేవాడు. రేణుక ఉయ్యాలలో ఉన్నప్పుడే, పిల్లను నీకే ఇస్తానని నాగమ్మ తమ్ముడికి మాట ఇచ్చేసింది. భర్త పోయాక ఆ తమ్ముడే వచ్చి నిలబడ్డాడు. ఆ మాట ఆమెకు మరీ బరువైంది.

రేణుక ఇంటరు పాసై, పద్దెనిమిదేళ్ళు నిండిన వేసవిలో ఆదోనిలో నర్సింగు సీటు వచ్చింది. హాస్టలు కూడా ఇస్తారు. ఆ కబురు చెప్పడానికి గోడ దూకి మరీ మా వసారాలోకి వచ్చింది. నాగమ్మ ఔననలేదు, కాదనలేదు. "మా తమ్ముణ్ణి రానీ, వాడేమంటాడో సూద్దాం" అంది. చేరడానికి గడువు సోమవారంతో సరి. అతను వచ్చేది కూడా సోమవారమే, ముహూర్తం మాట్లాడటానికి. వస్తే ఏమంటాడో వీధిలో కోళ్ళకు కూడా తెలుసు. రేణుక సంచి సర్ది ఆదివారమే మా ఇంట్లో పెట్టింది. అతను రాకముందే పొద్దుటి బస్సెక్కి పోవాలని తన ఆలోచన. ఒకసారి చేరిపోతే అమ్మ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుందని ధైర్యం. నన్ను బస్టాండు దాకా రమ్మంది. అవ్వకు అంతా చెప్పింది, దాచలేదు. అక్కడే అంతా చెడింది.

సోమవారం పొద్దున సంచి పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. నాగమ్మ మగ్గం దడదడలాడిస్తోంది. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుని, రేణుక చెయ్యి పట్టుకుని ఉంది.

"దొంగ మాదిరి ఎందుకు పోతావే? వాడు ఈ పొద్దు రాడు. నేను రానీను. వాడు రాకపోతే మీయమ్మే నిన్ను బస్సెక్కిస్తాది. కూసో, కథ సెప్తా."

"అవ్వా, పగలా?" రేణుక మొహం తెల్లబోయింది. తర్వాత మెల్లగా నవ్వింది. అర్థమైంది.

"పగలే. పట్టపగలే. నువ్వు ఊఁ కొట్టు. నువ్వు ఆపితే వానికి దారి దొరుకుతాది."

నేను ఆ నమ్మకాన్ని నవ్వులాటగానే తీసుకున్నాను. కానీ ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి పగలు కథ అడిగి తిట్లు తిన్నది. అడిగిన ప్రతిసారీ లేదన్న కథ, ఈ రోజు అవ్వే తనకోసం ఎత్తింది. పైగా అది తన కథే. సంచి సర్దుకున్న నేతపిల్ల ఒకతి, కాటుక పెట్టుకోవడం మరిచిపోయి, ఊరు దాటుతోంది. అవ్వ అంత బాగా చెప్పడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాత వినే అవకాశమూ లేదు. మగ్గం చప్పుడు కూడా కాసేపు ఆగింది, నాగమ్మ సైతం వింటోందనుకుంటాను. "రేణుకా, బస్సమ్మా" అన్నాను. "ఒక నిమిషం సార్, ఊఁ... చెప్పవ్వా" అంది. మళ్ళీ పిలిచాను. అవ్వ నా వైపు చూసిన చూపుకు గోడ మీది బల్లి కిందపడింది. ఆ పిల్ల కథలో నది దాటుతుండగా బస్టాండు నుంచి ఆదోని బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సు ఉందిలే అనుకున్నాం. ఉంది కూడా. కానీ కథలో అప్పుడే రాక్షసుడు నిద్ర లేచాడు, ఊఁ ఆపడానికి వీల్లేదు. రెండోది కూడా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికొచ్చే వేళకు సందు మొదట్లో మోటారుసైకిలు చప్పుడైంది. చప్పుడుతోబాటు ఒక ఆడగొంతు. తీయగా, తొందర లేకుండా, ఇప్పుడు కుడివైపు తిరగండి అంటోంది. మలుపు తిరిగాక, మీరు చేరవలసిన చోటికి చేరుకున్నారు అంది. మోటారుసైకిలు మా గుమ్మం ముందు కాదు, వాళ్ళ గుమ్మం ముందే ఆగింది. అతను హ్యాండిలు మీద నుంచి ఫోను తీసి జేబులో వేసుకుని, మొదటిసారి దారి తప్పకుండా వచ్చిన సంతోషంతో వెలిగిపోతున్నాడు.

"అక్క లొకేషను పంపిచ్చింది అత్తా. ఇంగ నా కష్టాలు తీరిపాయె."

అవ్వ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. రేణుక ఊఁ కూడా గొంతులోనే ఉండిపోయింది. అవ్వ నా వైపు తిరిగి అడిగింది. "ఎవురప్పా ఆ యమ్మ, వానికి దారి సెప్పింది?"

"ఫోనులో గొంతవ్వా. మనిషి కాదు."

"ఎవురూ ఊఁ కొట్టకపోయినా సెప్తానే ఉండాదే" అంది.

అతను మైసూరుపాకు పొట్లం రేణుక చేతిలో పెట్టాడు. "సదువు యాడికి పోతాదక్కా, పెండ్లయినాక నేనే సదివిస్తా" అన్నాడు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. తల్లి మంచం పక్కన కూర్చునే మనిషి కావాలి కాబట్టి, చదివించడం ఆ తర్వాతి ఎండాకాలానికి, ఆపైన ఇంకో ఎండాకాలానికి వాయిదా పడింది. ఆ సాయంత్రం గడువు ముగిసింది. సంచి గోడ మీదుగా తిరిగి ఇచ్చేశాను. అది అంత తేలికైన సంచి అని అప్పటిదాకా గమనించలేదు.

పెళ్ళి రెండు వారాల్లో అయిపోయింది. వీధంతా వచ్చింది, భోజనాలు బాగున్నాయి, అందరూ మంచి సంబంధమే అన్నారు. వెళ్ళే రోజు జీపెక్కబోతూ రేణుక వెనక్కి వచ్చి, గడప మీద కూర్చున్న అవ్వ ముందు వంగింది. "ఆ పొద్దు కథ శానా బాగుండె అవ్వా" అంది. అవ్వ మొహంలో ఎమ్మిగనూరు దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆ పిల్ల తల నిమిరి, పంటి సందు కనిపించేదాకా నవ్వించి పంపింది.

ఆ తర్వాత అవ్వ కథ చెప్పలేదు. కండెలు చుట్టేందుకు వేరే ఇంటి పిల్ల వచ్చేది. కథ అడిగితే, "అయిపాయె తల్లీ, ఉండేవన్నీ అయిపాయె" అనేది. నేనూ గోడ దగ్గర కుర్చీ వేసుకుని నా కథలు చదివి రెచ్చగొట్టేవాణ్ణి. కావాలనే రాజకుమారికి మూడు కత్తులు ఇచ్చాను, ఏనుగునెక్కించాను. తిట్టలేదు. బువ్వ తినిందా అని అడగలేదు. తర్వాతి ఏడు చలికాలం రాకముందే అవ్వ పోయింది. రేణుక చావుకు వచ్చింది. చంకలో బిడ్డ, కొంగులో అత్త మందులు. నా పుస్తకం ఒకటి ఇచ్చాను. అట్ట మీద కత్తి పట్టుకున్న పిల్లను చూసింది. "బాగుండాది సార్" అని, తడవకుండా అటక మీద పెట్టమని వాళ్ళమ్మకు ఇచ్చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. బల్లి పడలేదు, పెంకులు జారలేదు, ఇవన్నీ మీరు ఎలాగూ సగానికి కోసే ఉంటారు. అవి పెంచినవి, అంతే. పూర్తిగా కల్పించింది ఒక్కటే. జీపెక్కే ముందు రేణుక వెనక్కి రాలేదు. గడప దాటుతున్నప్పుడు అవ్వ చెయ్యి చాచింది. ఆ పిల్ల చూసింది, చూసి దాటిపోయింది. పెదవులు కదిలినట్టు అనిపించింది, అంతే. జీపు సందు మలుపు తిరిగాక అవ్వ నన్ను పిలిచింది.

"సారూ, పోతా పోతా నాతో ఏమన్నా అనిందా? నాకు సరింగా ఇనబళ్ళేదు."

"కథ శానా బాగుండాది అవ్వా అనింది" అన్నాను.

చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆ మందగించిన కళ్ళకు ఏం కనిపించిందో తెలియదు.

"ఇన్నాళ్ళు నా గోడ కాడ కూసున్యావు" అంది, "అబద్దం సెప్పేది ఇంకా నేర్సుకోలేదప్పా నువ్వు."

నా పుస్తకాల్లో అమ్మాయిలందరూ చివరి పేజీలో గెలుస్తారు, నవ్వుతారు. ఆ నవ్వు రాసేటప్పుడల్లా ఒక ముసలి మొహం నా మొహంలోకి అలాగే చూస్తుంది. అయినా రాస్తాను. ఇంకా నేర్చుకోలేదు.