మూడుసార్లు తీసిన దిష్టి

నేను నర్సుని. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. జరిగింది విన్నాక ఎలాగూ ఎవరైనా అదే అడుగుతారు. ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊళ్లో, పెద్దాసుపత్రిలో ముసలివాళ్ల వార్డులో పనిచేస్తాను. ఊపిరి తీరు మారితే తలుపు దగ్గరే పసిగడతాను. నా పది నెలల కూతురి విషయంలో మాత్రం ఆ సోమవారం పొద్దున్న నాకేమీ తెలియలేదు.

ముందురోజు మా తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ ఒక హాల్లో కలిశాం. ప్రార్థన అయ్యాక బిర్యానీ. పిల్లని ఒకరి చేతుల్లోంచి ఒకరు తీసుకున్నారు. "బుగ్గలు చూడు, బూరెల్లా ఉన్నాయి" అని ఒకావిడ, "మా పిల్ల ఏడాదికి కూడా ఇంత లేదమ్మా" అని ఇంకొకావిడ. పైకి నవ్వుతున్నాను గానీ నా మనసులో మా అమ్మ గొంతు దిష్టి, దిష్టి అని గొణుగుతూనే ఉంది.

మా అమ్మ ఆదివారం చర్చికెళ్లి ముందు వరుసలో కూర్చునేది. నేను క్లాసులో ఫస్టు వస్తే మాత్రం పెరట్లోకి లాక్కెళ్లి ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసేది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు. రాకపోతే గట్టిగా తగిలినట్టు. మొండి దిష్టయితే మూడుసార్లు తీయాలి. పాస్టరుగారు అలాంటివి కూడదన్నారు కదా అంటే, "వాక్యానికి వాక్యం, దిష్టికి దిష్టి" అనేది. నేను చేసుకున్నది పాస్టరుగారి కొడుకుని. పెళ్లయిన కొత్తలోనే ఆయనకి మాటిచ్చాను, ఇలాంటి పనులు మనింట్లో ఉండవని.

సోమవారం తెల్లవారుజామున ఆయన డబ్లిన్ రైలెక్కారు. ఆ ఊరి శివారు చెర్రీవుడ్‌లో ఆఫీసు, వారమంతా అక్కడే. తొమ్మిదిన్నరకి పిల్ల ఒక్కసారిగా కెవ్వుమంది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, మొహం తెల్లగా పాలిపోయి, తాగిన పాలన్నీ కక్కేసింది. జ్వరం లేదు. ఒంటి మీద మచ్చలేమన్నా ఉన్నాయేమోనని బట్టలన్నీ విప్పి చూశాను. ఏమీ లేవు. మా ఫ్యామిలీ డాక్టరుకి ఫోన్ చేస్తే మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు.

ఏడుపు విని పక్కింటి ఆంటీ వచ్చింది. నేను డ్యూటీకి వెళ్లిన రోజుల్లో పిల్లని చూసుకునేది ఆవిడే. ఆవిడది హంగేరీ. ఇరవయ్యేళ్లుగా ఇక్కడి హోటళ్లలో గదులు సర్ది మోకాళ్లు అరగదీసుకుంది. ఆంటీ అని పిలవడం నా అలవాటు. మొదట్లో వింతగా చూసేది, తర్వాత తనే పిల్లతో "ఆంటీ వచ్చింది" అనడం మొదలుపెట్టింది. పిల్లని చూసుకోవడం మొదలుపెట్టిన వారంలోనే మా వంటింటి ప్రెస్ (ఇక్కడ అలమారని అలా అంటారు) తలుపు తీసి, అందులో ఎండుమిరపకాయలు చూసి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చిన్నప్పుడు వాళ్లూళ్లో ఎర్ర మిరపకాయల్ని పెద్ద సూదితో దండలు గుచ్చి, గోడ కనబడకుండా చూరుకి వేలాడదీసేవారట. నేనేమో గుంటూరులో కోల్డు స్టోరేజీ షెడ్డులో అమ్మతోపాటు తొడిమలు తీసినదాన్ని. "వేళ్లు మండేవా?" అని అడిగింది. "మజ్జిగ రాసుకునేవాళ్లం" అన్నాను. ఇద్దరం ఆ రోజు చాలాసేపు నవ్వుకున్నాం.

ఇప్పుడు పిల్లని చూడగానే "నిన్న ఎవరు చూశారు దీన్ని?" అంది. హాల్లో పిల్లని ఎత్తుకున్నవాళ్లంతా నాకు గుర్తొచ్చారు. గిన్నెలో నీళ్లు పోసి, అగ్గిపుల్లలు ఒక్కొక్కటే వెలిగించి నీళ్లలో వేసింది. వాళ్ల నాయనమ్మ పొయ్యిలోంచి నిప్పులు తీసి వేసేదట. మునిగితే కన్ను తగిలినట్టు. రెండు పుల్లలు మునిగాయి. ఆ నీళ్లతో పిల్ల నుదురు తడిపింది. రెండు నిమిషాల్లో పిల్ల ఏడుపు ఆపేసి కళ్లు మూసుకుంది.

ఎంత హాయనిపించిందో చెప్పలేను. టీ పెట్టాను. టీ సగం తాగామో లేదో మళ్లీ అదే కేక, మళ్లీ మోకాళ్లు కడుపులోకి.

ఆంటీ గోడ గడియారం వైపు చూసింది. "పావుగంట. ఇది కన్ను కాదు. నా తమ్ముడు ఇలాగే ఏడ్చాడు. ఏడవడం, ఊరుకోవడం, మళ్లీ ఏడవడం. ఊరుకున్నప్పుడల్లా మా నాయనమ్మ తగ్గిందనుకుంది. సాయంత్రానికి పోయాడు. పద, ఆసుపత్రికి వెళ్దాం" అంది. కారు తాళాలు అప్పుడే చేతిలోకి తీసుకుంది.

తెలియక చేసిన పని అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఆవిడ తాళాలు పట్టుకుని నిలబడి ఉంటే నేను ప్రెస్ తలుపు తీశాను.

"ఒక్క పది నిమిషాలు ఆంటీ. మా పద్ధతొకటుంది."

ఉప్పూ ఎండుమిరపకాయలూ పిల్ల చుట్టూ తిప్పి, పెనం మీద వేశాను. పొగకి అలారం మోగకుండా స్టవ్ పైన ఫ్యాన్ వేసి, వెనక తలుపు తీసి పెట్టాను. ఘాటు రాలేదు. అంత గాలి తిరుగుతుంటే ఘాటెక్కడి నుంచి వస్తుంది? ఆ మాత్రం తెలివి నాకప్పుడు లేదు. గట్టి దిష్టే అనుకున్నాను. పిల్ల మళ్లీ ఊరుకుంది. "చూశారా" అన్నాను, ఏదో గెలిచినట్టు. ఆంటీ గడియారం వైపే చూస్తోంది. పావుగంటకి మళ్లీ కేక. రెండోసారి తీశాను, మళ్లీ ఊరుకుంది. పడుకున్న పిల్లని లేపి కారెక్కించడమెందుకు అన్నాను. ఆంటీ బతిమాలింది, తర్వాత అరిచింది. "నేను నర్సుని, నాకు తెలుసు" అని నేనూ అరిచాను. అలా గంటకి పైగా గడిచింది.

మూడోసారి తొందరలో ఫ్యాన్ వేయడం మరిచిపోయాను. పొగ లేచింది, ఘాటుకి ఇద్దరం దగ్గాం, నడవలో అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆంటీ ఒళ్లో ఉన్న పిల్ల ఉలిక్కిపడలేదు. దగ్గలేదు. కనురెప్ప కూడా కదల్లేదు.

అప్పుడు నాలో నర్సు లేచింది. చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపీలికలా పడిపోయింది. డైపర్ విప్పితే రక్తం, జిగురు. స్టవ్ ఆపానో లేదో కూడా నాకు గుర్తు లేదు. ఆంటీ కారు నడుపుతుంటే వెనక సీట్లో పిల్ల ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మా అమ్మని తిట్టుకున్నాను, అమ్మని ఎందుకు తిడుతున్నావని నన్ను తిట్టుకున్నాను.

ఎమర్జెన్సీలో డాక్టరు ఎప్పటి నుంచి అని అడిగితే ఆంటీయే చెప్పింది, తొమ్మిదిన్నర నుంచి ప్రతి ఏడుపూ గడియారం చూసి గుర్తుపెట్టుకున్నట్టుంది. పావుగంటకోసారి అని వినగానే డాక్టరు తల ఎత్తి స్కానింగుకి పంపించింది. పేగులోకి పేగు దూరింది. నెప్పి అలలుగా వస్తుంది, మధ్యలో పిల్ల ఊరుకుంటుంది. అగ్గిపుల్లలకీ తగ్గలేదు, మిరపకాయలకీ తగ్గలేదు. అది ఆ జబ్బు తీరు. వెంటనే డబ్లిన్ పంపాలన్నారు.

అంబులెన్సు కోసం చూస్తుండగా ఆయన ఫోన్. ఎప్పుడు మొదలైందో, డాక్టరేమందో చెప్పాను.

"తొమ్మిదిన్నరకి మొదలైతే ఇంతసేపు ఏం చేస్తున్నావే? నర్సువి గదా నువ్వు!"

పిల్ల బట్టల సంచీ పట్టుకుని ఆంటీ నా పక్కనే నిలబడి ఉంది. నా వేళ్లు ఇంకా మండుతున్నాయి.

"ఆంటీ ఏదో దిష్టి తీస్తానంది. అగ్గిపుల్లలూ నీళ్లూ... నేను వద్దంటున్నా వినలేదండీ. ఆంటీ వల్లే ఆలస్యమైంది" అన్నాను.

అంతే. అంత తేలిగ్గా వచ్చేసింది.

డబ్లిన్‌లో గాలి పంపి పేగుని సరిచేశారు. కొయ్యక్కర్లేకపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే పేగు కుళ్లేదన్నారు. ఇంటికొచ్చాక ఆయన మొదట చేసిన పని పిల్లకి క్రెష్ చూడటం. "ఆవిడ నీడ కూడా పిల్ల మీద పడకూడదు" అన్నారు. నేను తలూపాను. చెత్తడబ్బా బయట పెట్టేటప్పుడు కూడా ఆవిడ లేనప్పుడు చూసి వెళ్లేదాన్ని. రెండు నెలలు అలా దొంగలా బతికాను.

పిల్ల మొదటి పుట్టినరోజు నాడు ఇక ఉండబట్టలేక, కేకు ముక్క పళ్లెంలో పెట్టుకుని పక్కింటి తలుపు తట్టాను. గుమ్మంలోనే అంతా చెప్పేశాను, ఏడుస్తూ. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"తెలుసు. ఆ రోజు ఫోన్లో మీ భాషలో ఏదో చెబుతూ నువ్వు ఆంటీ, ఆంటీ అన్నావు. అంటూ నా వైపు చూడలేదు" అంది. "పిల్ల నడుస్తోందా?" అని అడిగింది.

"సోఫా పట్టుకుని నడుస్తోంది."

"మంచిది. మీ ఆయనకి చెప్పావా?"

"లేదు."

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. పళ్లెం ఆవిడ తీసుకోలేదు, నేను ఇవ్వలేదు.

వెనక్కి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని బెలూన్లు ఊదుతున్నారు. పిల్ల ఆయన భుజం పట్టుకుని నిలబడి ఉంది. "కేకు ఎవరికి తీసుకెళ్లావ్?" అన్నారు.

ప్రెస్ తలుపు తీసి, వెనకగా దాచిన ఎండుమిరపకాయల పాకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఆ రోజు ఆలస్యం చేసింది ఆంటీ కాదండీ. నేను."