ఎర్రగుడ్డ కట్టిన సొరకాయ

ఇంట్ల ఖాళీగ కనబడ్డ మనిషికి పని దొరకకుండ పోదని నాకు డిగ్రీ అయిపోయిన ఆ ఎండకాలంల తెలిసింది. రోహిణి కార్తె నడుస్తున్నది, మహబూబాబాద్‌ల రోళ్లు పగిలే ఎండ. మా నాయినమ్మకు (మేం అవ్వ అనే పిలుస్తం) కంటి ఆపరేషన్ అయింది. నెల దినాలు వంగొద్దు, ఎండకు పోవద్దు అని దవాఖానల చెప్పిన్రు. మాట్లాడొద్దని మాత్రం చెప్పలేదు. నల్లద్దాలు పెట్టుకొని వసారల మంచం మీద కూసొని, ఇంటెనుక పెరడు మొత్తం నాకు అప్పజెప్పింది.

అది పెరడు కాదు, చెప్పినమాట వినని పిల్లల బడి. బీరతీగ బట్టలారేసే తీగనెక్కి మా బాపు అంగీని కౌగిలించుకున్నది. కాకరతీగ డిష్ గొడుగును చుట్టేసి రెండు ఛానళ్లు బంద్ చేసింది. నిమ్మచెట్టు దగ్గరికి పోయినోనికి నిమ్మకాయ దొరకదు గని ముల్లు దొరుకుతది. "నీళ్లు మొదట్ల పొయ్యి బిడ్డా, ఆకులకు తానం చేపియ్యకు" అని మంచం మీదికెళ్లి అవ్వ అరుపులు. నల్లద్దాలల్లకెళ్లి ఎట్ల కనబడేదో!

పది రోజులకు ఇంటి కప్పు రేకుల మీద ఒక సొరకాయ కనబడ్డది. చంటిపిల్లంత ఉన్నది, తొడిమెకు ఎర్రగుడ్డ కట్టి ఉన్నది. అందాల పోటీల గెలిచిన కాయ అనుకున్న. నిచ్చెనేసి కోసి, నా మొదటి పంట అని ఛాతీ విరుచుకొని పక్కింటి చిన్నమ్మకు ఇచ్చొచ్చిన.

పొద్దుమూకంగ అవ్వ అడిగింది: "ఎర్రగుడ్డ కాయ ఎండిందారా?"

"ఎండుడేంది అవ్వా? చిన్నమ్మకు ఇచ్చిన."

అవ్వ నల్లద్దాలు తీసింది. (డాక్టర్ తీయొద్దన్నడు.) "ఓరి నీ... గది ఇత్తనం కాయరా! పెండ్లైనప్పుడు కొత్తగూడల మా తల్లిగారింటికెళ్లి కొంగుల కట్టుకొచ్చిన ఇత్తనం. ఏటేట ఒక్క కాయ ముదరబెడుత. ఈసారి పురుగు పట్టంగ మిగిలింది గదొక్కటే. గది పోతే ఇంక లేదు."

"ముందుగాల చెప్పొచ్చు గద!"

"గుడ్డ కట్టిన. ఇంకేం జెయ్యాలె, బోర్డు పెట్టాల్నా?"

చెప్పులు గూడ ఏసుకోకుండ ఉరికిన. చిన్నమ్మ కత్తిపీట ముందల మొఖం మాడ్చుకొని కూసున్నది. "ఏం బిడ్డా, మా మీద గింత పగేంది? కత్తి దిగది, కొడితే పలుగది. కాయనా, రాయా? బర్రెకేసిన."

దొడ్డిల బర్రె అప్పుడే కాయను కాలు కింద పెట్టి పలుగదొక్కింది. సగం దాని నోట్లె, సగం నా చేతుల. ఇద్దరం గుంజుకున్నం. నేను అరుస్తున్న, అది నములుతున్నది. (మా ఇద్దరిల ఎవరు మర్యాదగ ఉన్నరో చిన్నమ్మ ఇప్పటికీ చెప్తది.) చివరికి నా సగం నాకొచ్చింది, నేను పేడల వచ్చి పడ్డ. గింజలు నలుదిక్కుల చెదిరినయ్. నేను, చిన్నమ్మ మోకాళ్ల మీద పాకి ఏరినం.

కడిగి తెచ్చి అవ్వ చేతిల పోసిన. ఒక్కో గింజను బొటనవేలితో ఒత్తి చూసింది. పరీక్ష ఫలితాలకు గూడ నేను గంతగనం ఎదురుచూడలే. "గట్టిగనే ఉన్నయ్," అన్నది. "బూడిదల కలిపి ఆరబెట్టు. మిరుగం కార్తె వానకు నీ చేతితోనే పెట్టు. మొలువకపోతే మాత్రం..." అని ఆగింది. ఆ ఆగుడే తిట్టుకన్న ఎక్కువ.

వాన పడ్డది, పెట్టిన. రోజుకు పదిసార్లు పోయి మట్టి గీకి చూసుడు. "పొదిగే కోడి గూడ గిన్నిసార్లు లేవదురా" అనేది అవ్వ. వారం దాటినంక ఒక పొద్దున, మట్టిని నెత్తిన పెట్టుకొని రెండు పచ్చని ఆకులు! నేనేసిన కేకకు పాము కుట్టిందనుకొని చిన్నమ్మ కట్టె పట్టుకొని గోడ దుంకింది.

"ఏడున్నదిరా?"

"గిదో, మొలక!"

చిన్నమ్మ మొలకను చూసింది, నన్ను చూసింది, కట్టెను నా దిక్కు తిప్పింది. వసారల అవ్వ మాత్రం నల్లద్దాల కింద కండ్లు తుడుసుకున్నది. ఆపరేషన్ కన్ను, నీళ్లు కారుతయ్ అన్నది. నేను నమ్మినట్టు తలూపిన.

ఇప్పుడు జనగామల ఆఫీసుల కూసొని, ఎంత మంచి కబురొచ్చినా ఫోన్‌ల ఒక బొటనవేలు బొమ్మ పంపి ఊకుంట. రెండు ఆకులకు వాడకట్టును లేపిన ఆ పోరన్ని తలుచుకుంటే నవ్వొస్తది. జర కుళ్లు గూడ.