సున్నం బొట్టు పెట్టమన్న మనిషి

దయ్యాల సంగతి మా ఇంట్లో పనివాళ్లు మాట్లాడుకునేవాళ్లు. మేం వినేవాళ్లం కాదు. ఆస్తితో పాటు మాకు చాలా పోయాయి, ఈ పట్టుదల మాత్రం నాతో మిగిలింది. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. చేతిలో ఆధారాలు లేకపోతే ఇప్పుడు కూడా రాసేవాణ్ణి కాదు.

జోగిపేట దగ్గర మాది దేశ్‌ముఖ్ కుటుంబం. డెబ్భైల నాటికి భూమి పోయింది, కోట లాంటి మా గడి చేతులు మారింది. నేను పటాన్‌చెరు దగ్గర ఒక కర్మాగారంలో చేరాను. దొర మనుమడు నౌకరీ చేస్తున్నాడని బంధువులు నవ్వారు. వాళ్లకు జవాబు నోటితో చెప్పకూడదనుకున్నాను.

అక్కడ మేం కంప్యూటర్ తయారుచేస్తున్నాం. ఇనుము కరిగించే కొలిమి వేడిని రేయింబవళ్లు కనిపెట్టుకుని ఉండే యంత్రం అది. అందులో మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. మెమరీని పంచే భాగం నాది. అడిగినవాళ్లకు అడిగినంత చోటు కోసి ఇవ్వాలి, పని అయిపోగానే తిరిగి తీసుకోవాలి. ఆ భాగం నేనొక్కణ్ణే రాస్తానని అందరి ముందూ అన్నాను.

కొనేవాళ్లు రావడానికి వారం ఉంది. వాళ్ల కళ్ల ముందు యంత్రం మూడు రోజులు ఆగకుండా నడవాలి. ఆగితే విదేశాల నుంచి తెప్పించుకుంటారు, మా విభాగం మూతపడుతుంది. మా పరీక్షల్లో అది ప్రతిసారీ రెండో రోజే ఆగిపోతోంది. చోటు లేదని కాగితం మీద కొట్టి ఊరుకుంటుంది. లెక్క చూస్తే సగానికి సగం మెమరీ ఖాళీగానే ఉంటుంది. కానీ ఆ ఖాళీ అంతా చిన్న చిన్న ముక్కలు. పెద్ద ముక్క అడిగితే ఒక్కటీ సరిపోదు.

పరీక్షలు నడిపేది దేవదానం. సంగారెడ్డి మనిషి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే మిగతా ఆరు రోజులూ నన్ను పొడిచేవాడు. "జాగ ఉంటది గని ఇయ్యవు. మీ తాతల అలవాటు యాడికి పోతది దొరా" అన్నాడు ఆగిపోయిన యంత్రాన్ని చూపించి. నాకు నవ్వు రాలేదు.

పక్కపక్క ముక్కల్ని కలపాలని నాకూ తెలుసు. నిండినప్పుడు అన్నిటినీ వెతికి కలిపేలా రాసి చూశాను. వెతుకుతున్నంతసేపూ యంత్రం కొలిమిని పట్టించుకోదు. కొలిమి ఆగదు కదా. అది పనికిరాలేదు.

ఆ గురువారం పదకొండింటికి గేటు నుంచి ఫోన్ వచ్చింది. కాపలా యాదగిరి. "సార్, మీ ఊరి నుంచి ఒక ముసలాయన వచ్చిండు. చిన్నదొరను కలుస్తనంటుండు."

పక్కన దేవదానం వింటున్నాడు. ఎవరో పాత రైతు సాయం అడగడానికి వచ్చి ఉంటాడనుకున్నాను. అందరి ముందూ దొరా అని దండం పెడతాడేమోనని ఒళ్లు మండింది. పనిలో ఉన్నాను, కూర్చోబెట్టమన్నాను. భోజనం వేళకు గేటు దగ్గరికి వెళ్తే బల్ల ఖాళీ.

"పోయిండు సార్. ఒక మాట చెప్పమన్నడు, నాకైతే సమజ్ కాలే" అన్నాడు యాదగిరి. "అర ఖాళీ అయిన గడియనే రెండు కొసలకు సున్నం బొట్టు పెట్టాలెనట. పక్క అరకు గూడ బొట్టుంటే నడిమి పలక గుంజాలెనట. అన్ని నిండినంక ఎతుక్కుంట కూసుంటె కాదని చెప్పమన్నడు."

"పేరు?"

"బుక్కుల రాసిన. కొట్టం బక్కయ్య."

మా గడిలో వడ్ల కొట్టం బక్కయ్య చేతిలో ఉండేది. లోపల అడ్డు పలకలతో వరసగా అరలు. ఒక్కో రైతు కుటుంబానికి ఒక్కో అర. ఖాళీ అయినా ఆ ఇంటివాళ్ల పేరు మీదే ఉండాలి, పలక కదలకూడదు. అది మా తాత కట్టడి. ఆలోచిస్తే నా ప్రోగ్రామునూ నేను అచ్చం అలాగే కట్టానని తెలిసింది.

లోపలికి వెళ్లి కూర్చున్నాను. ప్రతి ముక్కకూ రెండు కొసల్లో ఖాళీ అని ఒక గుర్తు. ముక్క తిరిగి వచ్చిన క్షణమే అటూ ఇటూ ఒక్క చూపు. గుర్తుంటే కలిపేయడం. వెతుకులాట లేదు, ఆగడం లేదు. రెండు రోజుల్లో రాసి ఎక్కించాను.

కొనేవాళ్లు వచ్చారు. మొదటి రోజు గడిచింది. రెండో రోజు, ఎప్పుడూ ఆగే వేళ దాటింది. దేవదానం కుర్చీ తెచ్చుకుని యంత్రం ముందు కూర్చున్నాడు, లేవలేదు. మూడో రోజు సాయంత్రం వాళ్ల పెద్ద ఇంజినీరు కావాలని అన్నిటికన్నా పెద్ద ముక్క అడిగించాడు. యంత్రం మారు మాట లేకుండా ఇచ్చింది. "ఇగ ఇచ్చినవ్ దొరా" అన్నాడు దేవదానం. ఈసారి నవ్వాను. అక్కడికక్కడే ఖరారు చేసుకుని వెళ్లారు. ఆ తర్వాత బంధువులెవరూ నౌకరీ మాట ఎత్తలేదు.

బక్కయ్యకు ధోవతులు కొనుక్కుని ఊరికి వెళ్లాను. అతని బిడ్డ సాయవ్వ బియ్యం చెరుగుతోంది. ధోవతులు చూసి చేట కింద పెట్టింది.

"మా నాయినకా? ఆయన పోయి ఆరేండ్లాయె దొరా."

ఆరేళ్ల కిందట మా కర్మాగారానికి పునాది కూడా పడలేదు.

సున్నం బొట్ల సంగతి అడిగాను. ఆమె గొంతు తగ్గించింది. పంట ఎక్కువొచ్చిన ఏడాది వడ్లు బయట వానకు తడుస్తుంటే, బక్కయ్య మా తాతకు తెలియకుండా పలకలు తీసి అరలు కలిపేవాడట. తాత చూడ్డానికి వచ్చే రోజు మళ్లీ పెట్టేసేవాడట. ఏవి ఖాళీయో గుర్తుకు సున్నం బొట్లు. ఆ మాట ఇల్లు దాటలేదంది. అంటే చిన్నప్పుడు నేను వినే వీలు లేదు.

కొట్టం ఇంకా నిలబడే ఉంది. పలకల లోపలి వైపు, కొసల్లో, సున్నం బొట్లు చూశాను.

గేటు రిజిస్టరు నిండాక ఆ పేజీ అడిగి తెచ్చుకున్నాను. బక్కయ్య పేరు పక్కన బొటనవేలి ముద్ర, దాని మీద ఏటవాలుగా కొడవలి గాటు. మా తాత కాగితాల్లో బక్కయ్య సాక్షిగా వేసిన ముద్ర ఒకటి దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాను. గాటు ఒక్కటే. యాదగిరి మా ఊరు ఎన్నడూ చూడలేదు.

ఆ ప్రోగ్రాములో నేను రాసిన భాగానికి పేరు పెట్టే హక్కు నాది. మా తాత పేరు పెడదామని ముందు అనుకున్నాను. చివరికి బక్కయ్య పేరు పెట్టాను. మేం అమ్మిన ప్రతి యంత్రంలోనూ ఆ పేరు వెళ్లింది.

అతను ఎలా వచ్చాడో, కంప్యూటర్లో చోటు చాలడం లేదని అతనికి ఎవరు చెప్పారో నాకు ఈ రోజుకీ తెలియదు. అంత దూరం వచ్చినవాణ్ణి గేటు దగ్గర కూర్చోబెట్టమన్నది నేనే. అది మాత్రం తెలుసు.