మా ఆయనకి సెలవు దొరకలేదట

నాకు విడాకులై తొమ్మిదేళ్లు. ఆ సంగతి బరంపురంలో మా వీధివాళ్లకి ఇప్పటికీ తెలీదు. పరువు పోతుందని అప్పట్లో అమ్మ, అల్లుడు సూరత్ మిల్లులో పనికెళ్లాడని చెప్పేసింది. మా గంజాం జిల్లాలో ఇంటికొక మగాడు సూరత్‌లో ఉంటాడు కాబట్టి అందరూ నమ్మేశారు. ఆ అబద్ధం నిలబెట్టడానికి నేనింకా మెట్టెలు పెట్టుకునే తిరుగుతున్నాను.

ఈ రోజు సాయంత్రం అమ్మా నేనూ చెల్లీ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. ఎదురింటి పిన్ని మల్లెపూల మాల పట్టుకుని వచ్చి చెల్లి వైపు చూసింది.

"ఏటక్కా, సిన్నమ్మి ఒక్కర్తే వొచ్చింది? అల్లుడు రాలేదేటి?"

అమ్మ తల కూడా ఎత్తలేదు.

"ఇడాకులు తీసుకున్నాదమ్మా. మొన్ననే కోర్టు కాగితం వొచ్చింది."

"మంచి పని సేసింది. ఏడుస్తా కాపురం సెయ్యడం దేనికి?" అని పిన్ని ఆ పూలన్నీ చెల్లి జడలో పెట్టేసింది.

నిజం చెప్తున్నాను, కుళ్లుతో నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లి ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. అయినా ఆ రెండు ముక్కలు నా గురించి చెప్పడానికి అమ్మకి తొమ్మిదేళ్లు చాలలేదా?

అంతలో పిన్ని నా వైపు తిరిగింది. "నీ మొగుడెప్పుడొస్తాడే?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "రథయాత్రకి కూడా సెలవియ్యలేదంట."

సూరత్ ముఖమే చూడని మనిషికి సెలవెలా ఇప్పించాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఈలోగా నా మెట్టెలు వేళ్లకి బిగుసుకుపోతున్నాయి.