గడప దగ్గర చెప్పిన పేరు

మా ఆయన తలకు దెబ్బ తగిలి హోసూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, డాక్టరు పొద్దున్నే వచ్చి అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. ఇది ఏ ఊరు, ఇప్పుడు ఏ నెల, నా చేతిలో ఉన్నది ఏమిటి. చివర్లో నా వైపు వేలు చూపించి, “ఈయమ్మ పేరేమప్పా?” అనేవారు. మిగతావాటికి తప్పో ఒప్పో ఏదో ఒకటి చెప్పేవాడు. ఆ ఒక్కదానికి మాత్రం పైకప్పు వైపు చూసేవాడు.

మా జిల్లాలోని పోచంపల్లి సంతలో గొర్రెలు అమ్మి, బైకు మీద మా ఊరు జవళగిరికి తిరిగి వస్తూ పడ్డాడు. హెల్మెట్ ఇంట్లో కొక్కేనికి భద్రంగా వేలాడుతోంది. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు.

మాలో మొగుడూ పెళ్లాం ఒకరి పేరు ఒకరు పలకరు. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డ అడ్డంగా నిలబడి, చెబితేనే లోపలికి రానిస్తానంటే చెప్పడమే. ఆ రోజు ఆయన చెవులు ఎర్రబడ్డాయి, నా పేరు సగం గొంతులోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన నోట నేనెప్పుడూ “ఇదో”నే. అందుకే ఆసుపత్రిలో కూడా చెప్పడం లేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. డాక్టరుకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. చెబితే అది మర్యాదో మరుపో తేల్చేస్తారని భయం.

మెదడు వాపు తగ్గాక డాక్టరు ఒక మందు గురించి చెప్పారు. న్యూరోపెప్టైడ్లట. పంది మెదడులోని ప్రోటీన్లను చిన్న చిన్న ముక్కలు చేసి తయారుచేస్తారట. సెలైనులో కలిపి ఎక్కిస్తే, దెబ్బతిన్న మెదడు కోలుకోవడానికి కాస్త ఊతం దొరుకుతుందని ఆశ.

“కొందరికి మేలు చేస్తుంది, కొందరికి తేడా ఏమీ తెలీదు. గట్టిగా చెప్పలేనమ్మా” అన్నారు. ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

పంది అనగానే మా అత్త మొహం చిట్లిస్తుందనుకున్నాను. “వాడు పుట్టినప్పట్నించీ మొండే. పందిదైతే ఏమి, ఎక్కించమను” అంది.

ఎక్కించారు. కొన్నాళ్లకు నెల పేరు సరిగ్గా చెప్పాడు. మందు వల్లా, రోజులు గడిచినందువల్లా అంటే ఎవరు చెప్పగలరు! ఒక పొద్దున డాక్టరు ఎప్పటిలాగే నా వైపు వేలు చూపించారు. మా ఆయన నా మొహంలోకి చూసి, బస్సు బోర్డు చదివినట్టు నా పేరు మొత్తం చెప్పేశాడు. నర్సు చప్పట్లు కొట్టింది. మా అత్త దండం పెట్టుకుంది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను. అందరూ సంతోషంతో అనుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడలేదు. నా పేరు గుర్తుంది, నేను ఆయనకు ఏమవుతానో మాత్రం గుర్తులేదు.

ఇంటికి వచ్చాక అదే వరస. నీళ్లు కావాలంటే పేరు, దుప్పటి కావాలంటే పేరు. రేషన్ షాపులో పిలిచినట్టు ఉండేది. చిరాకు పుట్టేది. రోగి మీద చిరాకు పడకూడదని తెలుసు, అయినా పడ్డాను. వండాను, మందులు వేశాను, గొర్రెల దగ్గర కూర్చోబెట్టాను. రాత్రి నా వైపు తిరిగి పడుకుంటే, పక్కింటివాడెవరో పడుకున్నట్టు ఉండేది.

మళ్లీ చూపించుకోవడానికి హోసూరు పోయినప్పుడు డాక్టరు పాత ప్రశ్నలన్నీ అడిగారు. అన్నిటికీ జవాబు వచ్చింది. చివర్లో నా వైపు వేలు చూపించారు.

మా ఆయన తల వంచుకున్నాడు. ఓరగా నా వైపు చూసి, మళ్లీ నేల వైపు చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి.

డాక్టరు పెన్ను పక్కన పెట్టారు. “పోయినసారి బాగా చెప్పినాడే. మర్చిపోయినాడామ్మా?”

“లేదు సార్” అన్నాను. “ఇప్పుడే గుర్తొచ్చింది.”